కొన వీధి

నా పేరు చెంగల్రాయులు.
చిత్తూరులో ఇరవై ఆరేండ్లుగా వాల్వులు తిప్పతా ఉండా.
గిరింపేటకు ఎన్ని చుట్లు, మిట్టూరుకు ఎన్ని చుట్లు
చేతికి తెలుసు, నోటితో చెప్పలేను.
నాలుగు దినాలకొకసారి నీళ్ళొచ్చే ఊళ్ళో
నా కంట్లో నీళ్ళు ఎక్కువైనాయంట.

ఏడ్చే నీళ్ళు కాదు, అవి వేరే లైను,
అనింది డాక్టరమ్మ షమీనా.
ఇవి లోపలివి.
నల్లగుడ్డు వెనక చిన్న కండ ఒకటి
రక్తాన్ని వడగట్టి రాత్రింబగళ్ళు ఊరిస్తుందంట.
నెత్తురు పోని చోట్లకు బువ్వ పెట్టి
మూలనున్న జల్లెడలో నుంచి అవి దిగిపోవల్ల.
నా జల్లెడ పూడింది.

ముప్పై నాలుగు, అని రాసింది చీటీ మింద.
ఇరవై ఒకటి దాటకూడదంట.
ప్రెషరు ఎక్కువైతే ఏమయితాదో
నాకు చెప్పాల్నా?
సంతపేట మలుపులో మెయిను పైపు పగిలిన రాత్రి
నడుముల్లోతు గుంతలో నిలబడినోణ్ణి.
"పైపు పగిల్తే సద్దయితాది గదమ్మా,
ఇది సద్దే చెయ్యలే" అన్నా.
"చెయ్యదు" అనింది.

చీకటి గదిలో, గిన్నె మాదిరి మిషనుకు గడ్డం ఆనించి
చుక్క కనిపిస్తే బటన్ నొక్కమన్నారు.
నొక్కినా. ఇంకోసారి నొక్కినా.
చానాసేపు ఏ చుక్కా రాలే,
కరెంటు పోయిందనుకున్నా.
అంతసేపూ వస్తానే ఉన్నాయంట, పక్కల్లో.

కాగితం చేతికిచ్చినారు.
చూస్తానే తెలిసింది, ఇది నా వార్డు మ్యాపే.
నడి బజారు తెల్లగా.
చుట్టూ కొన వీధులు నల్లగా.
కంటి నుంచి తలకు పోయే నరంలో
పది పన్నెండు లక్షల దారాలంట,
ఒత్తిడికి పక్కచూపువి ముందు ఎండినాయి.
ఒక్కటీ అర్జీ పెట్టలే.
మెదడు పక్కింటి రంగు తెచ్చి ఆ సందులకు పూసి
అంతా బాగుందని నాకు రిపోర్టు రాసింది.
నేనూ అట్లనే రాస్తి ఇంజనీరుకు, ఎన్ని తూర్లో:
మురకంబట్టు కొన వీధి, నీళ్ళు వదలడమైనది.

రెండు సీసాలిచ్చినారు.
ఒకటి పొద్దునా సాయంత్రం, ఊట కాడనే వాల్వు బిగించేది.
రాయకముందు ఉబ్బసం ఉందా అని మూడుసార్లు అడిగింది,
ఆ చుక్క గుండెను గూడా నిదానం చేస్తాదంట.
రెండోది రాత్రికి. అది జల్లెడ జోలికే పోదు.
కండ పోగుల మధ్య బిగుసుకున్న జిగురును కరిగించి
పక్క నుంచి దొంగ కాలవ తీస్తాది.
ఇట్లాంటి కనెక్షన్లు నేనెన్ని కోసినానో.
దాని పుణ్యాన నా రెప్పల వెంట్రుకలు పొడుగైనాయి.
వల్లియమ్మ నవ్వతాది,
యాభై ఎనిమిదేండ్లకు పెండ్లికొడుకు కండ్లు అని.

"పోయిన చూపు?" అన్నా.
డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది.
"ఉండేదాన్ని కాపాడుకుందాం."

ఇప్పుడు పదిహేడు.
స్కూటరు అమ్మేసినా.
కోడి మాదిరి తల అటూ ఇటూ తిప్పి రోడ్డు దాటతా.
మొన్న మురకంబట్టు కొన దాకా నడిచి పోయినా.
ఒక ముసలామె కొళాయి మూతికి గుడ్డ కట్టి ఉండాది.
ఎందుకమ్మా అంటే,
"ఊరికే ఉంటే కందిరీగలు గూడు పెడతాయి నైనా."
ఆ పొద్దు వాల్వు ఇంకో రెండు చుట్లు తిప్పినా.
గిరింపేటోళ్ళు ఫోన్లో తిట్టినారు.

రాత్రి పది. వల్లియమ్మ చుక్క ఏస్తాది.
కండ్లు మూసి, ముక్కు పక్క మూలను వేలితో అదిమి పట్టల్ల,
మందు గొంతులోకి జారకుండా. రెండు నిమిషాలు.
ఆమె గుడియాత్తం మనిషి, అరవంలో లెక్క పెడతాది.
ఒణ్ణు, రెండు, మూణు, నాలు...
నలభై కాడ వీధి కొళాయి దగ్గింది.
బిందె ఎత్తుకొని ఉరికింది.
నేను వేలు తియ్యలే.
మిగిలింది తెలుగులో పెట్టుకుంటా ఉండా.